స్కూల్ బాండ్‌కి ఓటేశాం కదా, మళ్ళీ డబ్బుల్లేవంటారేమిటి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కాలిఫోర్నియాలో ఇల్లు కొన్నారు, ప్రాపర్టీ టాక్స్ బిల్లులో స్కూల్ బాండ్ల (అంటే స్కూలు బిల్డింగుల కోసం జనం ఓటుతో తెచ్చే అప్పుల) పేరుతో ఇప్పటికే కొన్ని లైన్లున్నాయి, నవంబర్ బ్యాలెట్ మీదికి ఇంకోటి వస్తోంది, అయినా మీ అబ్బాయి క్లాసులో ఏసీ పనిచేయదు, టీచర్లని తీసేస్తున్నారు. ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది?

ఎక్కడికీ పోవట్లేదండీ, బిల్డింగుల్లోనే ఉంది. చిక్కంతా అక్కడే.

మా గ్రూపుల్లోనూ ఏటా మార్చి వచ్చేసరికి ఇదే గొడవ. లేఆఫ్ నోటీసులు మార్చి 15లోగా ఇవ్వాలని రాష్ట్ర చట్టం. దాంతో టీచర్లకి పింక్ స్లిప్పులు వెళ్ళడం, కొత్త జిమ్‌కి రిబ్బన్ కత్తిరించడం ఒక్కోసారి ఒకే నెలలో పడతాయి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి "చూశారా దొంగలు" అని ఒకాయన పోస్ట్ చేస్తాడు, కింద వంద థంబ్స్ అప్‌లు. కానీ బాండ్ డబ్బుతో టీచర్ల జీతాలివ్వడం చట్టరీత్యా కుదరదు. జిమ్ కట్టకుండా ఆపినా ఒక్క టీచరు ఉద్యోగం కూడా మిగలదు.

ఇది ఇలా ఎందుకుందంటే, 1978లో ప్రాపోజిషన్ 13 (రాష్ట్రమంతా ఓటేసి చేసిన చట్టం) వచ్చాక ప్రాపర్టీ టాక్స్ అసెస్డ్ వాల్యూలో, అంటే పన్ను కోసం ఇంటికి లెక్కగట్టే విలువలో, 1 శాతం దగ్గర ఆగిపోయింది, ఆ వాల్యూ కూడా ఇల్లు చేతులు మారేదాకా ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మన ఏరియా స్కూళ్ళని నడిపే సంస్థ, తనంతట తాను పన్ను పెంచుకోలేదు. పైకప్పు మార్చాలన్నా, పైపులు మార్చాలన్నా జనం దగ్గరికొచ్చి "అప్పు తెచ్చుకుంటాం, ఆ 1 శాతం పైన కొంచెం కట్టండి" అని అడగాలి. మొదట్లో దీనికి మూడింట రెండొంతుల ఓట్లు కావాల్సి వచ్చేది. 2000 నవంబర్లో ప్రాపోజిషన్ 39 దాన్ని 55 శాతానికి తగ్గించింది, బదులుగా కొన్ని షరతులు పెట్టింది: చేయబోయే పనుల జాబితా ముందే చూపాలి, ఏటా ఆడిట్ చేయించాలి, పౌరులతో ఓవర్‌సైట్ కమిటీ వేయాలి, జీతాలకీ రోజువారీ ఖర్చులకీ పైసా వాడకూడదు. మీది యూనిఫైడ్ డిస్ట్రిక్ట్ (ఎలిమెంటరీ నుంచి హైస్కూల్ దాకా ఒకే డిస్ట్రిక్ట్) అయితే ఒక్కో మెజర్‌కి, అంటే బ్యాలెట్ మీద పెట్టే ఒక్కో బాండ్ ప్రతిపాదనకి, పన్ను అంచనా లక్ష డాలర్ల అసెస్డ్ వాల్యూకి 60 డాలర్లు దాటకూడదు. అంటే మిలియన్ డాలర్ల ఇంటికి ఏడాదికి 600, అదీ ఒక్క మెజర్‌కే. ఒకటి తీరకముందే ఇంకోటి వస్తుంది కాబట్టే మీ బిల్లులో అన్ని లైన్లు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. మా డిస్ట్రిక్ట్ ఓవర్‌సైట్ కమిటీలో పేరెంట్ సీటు ఎవరూ తీసుకోక ఖాళీగా పడి ఉంటే అప్లికేషన్ పెట్టాను, ఇంటర్వ్యూ లాంటిదేమీ లేకుండానే ఇచ్చేశారు. జీతం ఉండదు, అధికారం అంతకన్నా ఉండదు. కాగితాలు చూడొచ్చు, సైట్లకి వెళ్ళి చూడొచ్చు, ఏటా ఒక రిపోర్టు రాయొచ్చు. సెప్టెంబర్ ఎండల్లో ఒక రోజు బాండ్ డబ్బుతో బాగుచేసిన మిడిల్ స్కూల్ చూపిస్తామని తీసుకెళ్ళారు. ముందు లైబ్రరీలో స్లయిడ్లు. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి బొమ్మలతో సహా చూపించింది, అనుకున్న టైముకి, అనుకున్న బడ్జెట్‌లో పూర్తయిందని. బాగానే ఉంది. తర్వాత పైకప్పు మీదికి ఎక్కించారు. తెల్లటి కొత్త రూఫింగ్, వరసగా కొత్త ఏసీ యూనిట్లు, మీద అంటించిన స్టిక్కర్లు కూడా ఇంకా ఊడలేదు. మాతో వచ్చిన మెయింటెనెన్స్ ఆయన, అరవై ఏళ్ళుంటాయేమో, ఎవరూ అడక్కుండానే ఒక యూనిట్ పక్క ప్యానెల్ స్క్రూలు తీసి ఫిల్టర్ బయటికి లాగాడు. దుమ్ము పేరుకుపోయి పాత కంబళి ముక్కలా ఉంది. చేత్తో తడితే కొత్త రూఫింగ్ మీద నల్లగా రాలింది.

"దీన్ని ఎప్పుడు మార్చారు?" అని అడిగాను.

"పెట్టినప్పుడు," అన్నాడు.

ఒకప్పుడు వాళ్ళ షాపులో ఏసీ పనికి నలుగురుండేవాళ్ళట, ఇప్పుడు డిస్ట్రిక్ట్ మొత్తానికి ఆయనా, ఇంకో కుర్రాడూ. కుర్రాడు బయట కంపెనీలో డబుల్ జీతం వస్తోందని వెళ్ళిపోయేలా ఉన్నాడట. కిందికి దిగాక మీటింగ్‌లో ఇదే అడిగాను, ఫిల్టర్లు ఎవరు మారుస్తారు, డబ్బెక్కడిదీ అని. "అది బాండ్ పరిధిలోకి రాదు" అన్నారు. తర్వాతి ఐటమ్‌కి వెళ్ళిపోయారు. చట్ట ప్రకారం వాళ్ళు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ కరెక్టు, అందుకే ఒళ్ళు మండింది.

మూడు మిలియన్లు పెట్టి యూనిట్లు కొనడానికి డబ్బుంది గానీ ఫిల్టర్ మార్చే మనిషికి లేదు. కొన్నాళ్ళకి అవి మూలనపడతాయి, మళ్ళీ ఇంకో బాండ్ వస్తుంది, బ్యాలెట్ మీద "పాతబడిన ఏసీలు మార్చడానికి" అని రాస్తారు, మనం పాపం పిల్లలని టిక్ పెడతాం. బిల్డింగుల కోసం స్టేట్ ఇచ్చే నిధులు తీసుకున్న డిస్ట్రిక్ట్ తన జనరల్ ఫండ్ (జీతాలూ రోజువారీ ఖర్చులూ నడిచే నిధి) ఖర్చులో 3 శాతం మెయింటెనెన్స్‌కి పక్కన పెట్టాలనే రూలైతే ఉంది. నా అభిప్రాయం అడిగితే అది ఏమూలకీ చాలదు, 5 శాతం చేసి తీరాలి. ఇదేదో మన ఒక్క చోటే అనుకోకండి. అమెరికా మొత్తం మీద 41 శాతం డిస్ట్రిక్టుల్లో కనీసం సగం స్కూళ్ళలో ఏసీ, హీటింగ్ సిస్టమ్‌లు మార్చడమో బాగుచేయడమో చేయాల్సి ఉందని ఫెడరల్ ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2020లో తేల్చింది.

ఇంకో కడుపుమంట కూడా చెప్పేస్తాను. మా పక్కింటి పెద్దాయన ఆ ఇల్లు 1980ల్లో కొన్నాడు. మాదీ ఆయనదీ ఒకే ప్లాన్, గోడకి గోడ. కానీ బాండ్ టాక్స్ కూడా అసెస్డ్ వాల్యూ మీదే వేస్తారు కాబట్టి అదే స్కూలు రిపేరుకి ఆయన కట్టేది మేం కట్టేదాంట్లో పిసరంత. మన వాళ్ళలో చాలామంది నిన్నగాక మొన్న కొన్నారు, అంటే అందరికన్నా ఎక్కువ కట్టేది మనమే, కానీ హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉంటే ఓటు లేదు. ఓటున్న పెద్దాయన మాత్రం బ్యాలెట్ రాగానే మొత్తం చదివి, నింపి, మర్నాడే పోస్ట్ చేస్తాడు. సిటిజన్‌షిప్ వచ్చిన మన వాళ్ళేమో ప్రెసిడెంటు గురించి నాలుగు నెలలు వాదించుకుని, బ్యాలెట్ చివర్లో ఉండే లోకల్ మెజర్లని ఖాళీగా వదిలేస్తారు. బిల్లొచ్చాక గ్రూపులో ఏడుస్తారు.

వడ్డీ సంగతి కూడా చూడాలి. శాన్ డియాగో దగ్గరి పోవే అనే స్కూల్ డిస్ట్రిక్ట్ 2011లో 105 మిలియన్లు అప్పు తెచ్చింది, ఇరవై ఏళ్ళదాకా కట్టక్కర్లేదనే ఏర్పాటుతో. చివరికి తిరిగి కట్టాల్సింది బిలియన్‌కి దగ్గర. అది బయటపడి గోల అయ్యాకే 2013లో అసలుకీ మొత్తం చెల్లింపుకీ మధ్య నాలుగు రెట్లకి మించకూడదని చట్టం చేశారు. నాలుగు రెట్లంటే తక్కువా!

మరి నవంబర్లో ఓటేయాలా వద్దా? నేనైతే చాలాసార్లు వేస్తూనే ఉన్నాను, ఎందుకంటే లోకల్ డబ్బు చూపిస్తేనే స్టేట్ తన వాటా ఇస్తుంది. పాత బిల్డింగుల ఆధునికీకరణకి కనీసం 60 శాతం స్టేట్‌దే, ఇలాంటి స్కూలు, కాలేజీ బిల్డింగుల పనుల కోసమే 2024లో ప్రాపోజిషన్ 2 కింద 10 బిలియన్ల స్టేట్ బాండ్ పాసైంది. మనం కాదంటే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది, అదీ సాధారణంగా మనకన్నా డబ్బున్న ఊరికే. కానీ బ్యాలెట్ మీదుండే ఆ 75 పదాల సారాంశం చూసి మాత్రం వేయకండి. వాటిని రాయించేది కన్సల్టెంట్లతో, ప్రతి ఊళ్ళోనూ అవే కారే పైకప్పులు, అవే సురక్షితమైన తరగతి గదులు. ఓటర్ గైడ్‌లో పనుల జాబితా పూర్తిగా ఉంటుంది, అది తెరవండి. ఏ స్కూల్లో ఏ పని అని పేరు పెట్టి రాశారా, లేక అన్ని స్కూళ్ళకీ అన్ని పనులూ అని గంపగుత్తగా రాశారా చూడండి. గంపగుత్తగా ఉంటే స్టేడియం లైట్లు ముందు వస్తాయి, బాత్రూమ్ పైపులు చివర్లో వస్తాయి.

తర్వాత ఓవర్‌సైట్ కమిటీ మీటింగ్ ఎప్పుడో కనుక్కుని వెళ్ళండి. పబ్లిక్ మీటింగే, కూర్చోడానికీ మాట్లాడ్డానికీ సిటిజన్ అయ్యుండక్కర్లేదు. ఏసీ ఎందుకు పనిచేయట్లేదని కాకుండా, దాని ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారో తేదీ చెప్పమని అడగండి. పార్కింగ్‌కి భయపడకండి, లాట్ మొత్తం ఖాళీగానే ఉంటుంది.