నాయన పేరు మీది పోడు పట్టా: సేటుకు రాసివ్వాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: సార్, మాది ములుగు జిల్లా తాడ్వాయి మండలం, కోయవాళ్లం. 2023లో మా నాయనకు మూడెకరాల పోడు (అడవి కొట్టి సాగుచేసుకుంటున్న భూమి) పట్టా వచ్చింది. పోయిన ఎండాకాలం ఆయన చనిపోయాడు. ఇంట్లో అమ్మ, నేను ఉంటాం, అక్కకు పెళ్లయింది. సోలార్ బోరుకు అర్జీ పెడదామంటే అడవిలో బోరు వేయనివ్వమని ఫారెస్టోళ్లు అంటున్నారు. పట్టా పక్కనే మేం దున్నుకునే ఇంకో ఎకరం పట్టాలోకి ఎక్కలేదు. ఇప్పుడు ఒక సేటు వచ్చి, పట్టా తన దగ్గర పెట్టి స్టాంపు పేపర్ మీద సంతకం చేస్తే రెండు లక్షలిస్తా అంటున్నాడు. గుట్ట మీది భూమికి ఏం భవిష్యత్తు ఉంది, ఆ పైసలతో ఆటో కొనుక్కో అని దోస్తులు చెప్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, సేటు కాగితం మీద ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకు. పెట్టేసి ఉంటే టెన్షన్ పడకు, ఆ కాగితం చెల్లదు.

ఎందుకు చెల్లదంటే, నీ పట్టా 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది. ఆ చట్టం సెక్షన్ 4(4) ప్రకారం ఈ భూమి వారసులకు వస్తుంది, అంతేగానీ ఇంకొకరికి అమ్మడానికి, రాసివ్వడానికి లేదు. మీది ఏజెన్సీ మండలం కాబట్టి దాని మీద 1/70 (ఏజెన్సీలో గిరిజనుల భూమి చేతులు మారకుండా ఆపే చట్టం) కూడా ఉంది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి అమ్మినా, తాకట్టు పెట్టినా, కౌలుకిచ్చినా ఆ లావాదేవీ మొదటి నుంచీ చెల్లనిదే. కానీ చెల్లని కాగితం పట్టుకుని కూడా అతను భూమిలో దిగి కూర్చుంటే, ఖాళీ చేయించడానికి ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ కోర్టు చుట్టూ ఏళ్లతరబడి తిరగాలి. హనుమకొండలో నా దగ్గరికి అలా వచ్చిన కుటుంబాలు ఉన్నాయి, గెలిచేనాటికి వాళ్ల ఓపిక, చేతిలో పైసలు రెండూ అయిపోయి ఉంటాయి. అందుకే అసలు పట్టా ఎవరి చేతికీ ఇవ్వకు, జిరాక్స్ ఇవ్వు చాలు.

ఇక విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్చుకునే సంగతి. పట్టా తీసి చూడు, అమ్మ పేరు ఉందా? పెళ్లయినవాళ్ల పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలని అదే సెక్షన్‌లో ఉంది. ఉంటే అమ్మ ఇప్పటికే హక్కుదారు. లేకపోతే మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, గ్రామసభ తీర్మానం పెట్టి ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసర్‌కు అర్జీ ఇవ్వండి, తీసుకున్నట్టు రసీదు తప్పకుండా అడుగు. అక్కను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఎస్టీలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, నిజమే. కానీ ఆడబిడ్డకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కాకపోతే ఆమెకూ సమాన వాటా ఉంటుందని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో చెప్పింది. ఆమెను పక్కన పెట్టి కాగితాలు చేయించుకుంటే రేపు గొడవ మీకే.

నువ్వు అడగని మాట ఒకటి. నాయన వయసు 59 దాటకుండా, రైతు బీమాలో పేరు నమోదై ఉంటే నామినీకి 5 లక్షలు రావాలి. వెంటనే మీ వ్యవసాయ విస్తరణాధికారిని కలువు. సేటు ఇస్తానన్న దానికి అది రెండింతల కన్నా ఎక్కువ!

బోరు విషయంలో గట్టిగా నిలబడండి. పట్టా ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదని చట్టమే చెప్తోంది: అటవీ హక్కుల చట్టం 2008 నిబంధనల్లో, 2012లో మార్చిన 16వ నిబంధన ప్రకారం, హక్కు పొందినవాళ్లకు భూమి బాగుచేసే, దిగుబడి పెంచే పథకాలన్నీ అందేలా రాష్ట్ర ప్రభుత్వం చూడాలి, ఆ బాధ్యత పంచుకునే శాఖల్లో అటవీ శాఖ పేరు కూడా ఉంది. మీ ఊరు అభయారణ్యం లోపల ఉన్నా ఈ చట్టం వర్తిస్తుంది. పైగా 2025 మేలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం పథకమే పోడు భూములకు నీళ్ల కోసం పెట్టింది, 12,600 కోట్లతో ఆరు లక్షల ఎకరాలకు నీళ్లిస్తామన్నారు, సోలార్ పంపుసెట్టుకు పూర్తి సబ్సిడీ. బోరు పాయింట్ పట్టా హద్దుల్లోనే ఉండాలి, చెట్టు కొట్టకూడదు. అప్పుడు కూడా అడ్డం చెప్తే, ఏ సెక్షన్ కింద ఆపుతున్నారో రాసి ఇమ్మని అడుగు. నోటిమాట ఆర్డర్ కాదు.

పక్కనున్న ఎకరం 2005 డిసెంబర్ 13 కన్నా ముందు నుంచి మీ సాగులో ఉందా? ఆ తర్వాత కొట్టిన పోడైతే దాని మీద ఆశ పెట్టుకోవద్దు, నిజం చెప్తున్నా. ముందునుంచీ ఉంటే గ్రామసభలో క్లెయిమ్ పెట్టండి, కనీసం రెండు ఆధారాలు కావాలి. పాత రోజుల్లో అడవి నరికారని తాతకు జరిమానా వేసిన రసీదు ఇంట్లో ఎక్కడైనా ఉంటే అదే బంగారం లాంటి సాక్ష్యం. ఊరి పెద్దల వాంగ్మూలం రాయించినా ఆధారమే. శాటిలైట్ ఫొటోలో కనబడలేదన్న ఒక్క కారణంతో కొట్టేయడానికి లేదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని 60 రోజుల్లో పైకమిటీకి వెళ్లాలి. విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) ఉంది.

భవిష్యత్తు ఏముంది అన్నావు. గుట్ట మీదికి కాలువ ఎక్కదు, వాన పడితేనే పంట, అందుకే ఇన్నాళ్లూ పత్తి వేసి అప్పులయ్యారు. నీళ్లొస్తే రెండో పంటో, మామిడి తోటో పెట్టుకోవచ్చు. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 లెక్కన మూడెకరాలకు 36,000. తునికాకు, ఇప్పపువ్వు, వెదురు, తేనె మీద మీ హక్కు ఎటూ ఉంది. ఇవన్నీ పట్టా, గ్రామసభ చుట్టూ తిరిగేవే, ఊరొదిలితే ఒక్కటీ వెంట రాదు. ఆటో కొనాలనుంటే కొనుక్కో, దానికి వేరే లోన్ చూసుకో. భూమిని మాత్రం అందులోకి లాగకు.

లాయర్ ఫీజు గురించి ఆలోచించకు, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చెయ్యి. సేటు ఏదైనా కాగితం రాయించుకుని ఉంటే దాని ఫొటో, పట్టా జిరాక్స్, తాత రసీదు దొరికితే అది, మూడూ పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లు.