హెచ్‌ఆర్‌కు అర్థమయ్యేలా చెప్పలేకపోతే సబ్జెక్టు రానట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి మాలిక్యులర్ బయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. మంచి మార్కులే. ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ ఆవిడ ‘పీసీఆర్ అంటే నాకు అర్థమయ్యేలా చెప్పు’ అనేసరికి తడబడిపోయింది. సైన్స్ కమ్యూనికేషన్ కోర్సులో చేర్పించమంటారా, ఇంట్లో ప్రాక్టీస్ చాలా?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే గానీ, చదువంతా వృథా అయిందేమోనన్న దిగులే ఎక్కువగా కనిపిస్తోంది. కాలేదండీ. సబ్జెక్టు బాగా వచ్చినవాళ్లే ఇక్కడ తరచూ తడబడతారు. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరిచేత తెలిసిన పాటల బాణీలను బల్ల మీద వేళ్లతో కొట్టించారు. విన్నవాళ్లు సగం పాటలైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్ల ధీమా. 120 పాటల్లో పోల్చుకున్నవి 3. కొట్టేవాళ్ల తలలో పాట మోగుతూ ఉంటుంది, వినేవాళ్లకు టకటకలే. ‘ప్రైమర్’, ‘టెంప్లేట్’ అంటూ ల్యాబ్ మాటలతో మొదలుపెడితే ఆ హెచ్‌ఆర్ ఆవిడకు వినిపించేదీ అదే.

మరి ఎలా చెప్పాలి? ముందు అవసరం చెప్పాలి: ‘శాంపిల్‌లో వైరస్ ఆనవాలు మరీ తక్కువగా ఉంటే పట్టుకోలేం. అందుకే పీసీఆర్ పద్ధతిలో దాని డీఎన్‌ఏకు కాపీలు తీసి పెంచుతాం. ఒక్కో విడతలో దాదాపు రెట్టింపు అవుతుంది. అలా 30 విడతలయ్యేసరికి లెక్కప్రకారం ఒకటి వంద కోట్లు దాటుతుంది.’ జిరాక్స్ మిషన్‌తో పోల్చినా ఫరవాలేదు. కాకపోతే ఇక్కడ కాపీలకూ కాపీలు వస్తాయని కలపాలి. ప్యానెల్లో సైంటిస్టు ఉంటే ఆయనకు నచ్చేది ఆ చివరి మాటే.

కోర్సుల సంగతి. సైన్స్ రచన, మ్యూజియం ఉద్యోగాల వైపు వెళ్లాలనుకుంటే చేరొచ్చు. ఒక్క ఇంటర్వ్యూ కోసమైతే నాకు వాటిమీద గురి లేదు. ‘కథతో మొదలుపెట్టు, చేతులు ఇలా కదుపు’ అని అందరినీ ఒకే మూసలో పోసే కోర్సులే ఎక్కువ. మధ్యలో ‘అయితే దీనివల్ల రోగికేంటి?’ అని అడిగితే బట్టీ పట్టిన కథ అక్కడే ఆగిపోతుంది. సర్టిఫికెట్ ఉందిగా అని వదిలేసే ప్యానెల్ ఏదీ ఉండదు.

ఒక మాట అంటాను, నొచ్చుకున్నా సరే. ఆమె ల్యాబ్‌లో ఏం చేసిందో మీరెప్పుడైనా కూర్చుని విన్నారా? మార్కులు అడిగి ఉంటారు. సైన్స్ తెలియని శ్రోత కోసం ఫీజు కట్టక్కర్లేదు, ఇంట్లో మీరున్నారు. వినండి. అర్థం కాకుండా తలూపకండి, ‘ఆగమ్మా, ఇది తెలియలేదు’ అనండి. భాష దిద్దకండి, పక్కింటి పిల్లతో పోల్చకండి. మొదట్లో ఆమె విసుక్కుంటుంది, ఓపిక పట్టండి.

ఇంటర్వ్యూలో జవాబు మొదలుపెట్టే ముందు ‘డీఎన్‌ఏ గురించి మీకు ఎంతవరకు పరిచయం ఉందండీ?’ అని అడగొచ్చని కూడా ఆమెకు చెప్పండి. అలా అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు.