పరుగు మధ్యలో పడిపోతే తేలిగ్గా తీసుకోకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 23 ఏళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం రోజూ పొద్దున్నే గ్రౌండ్‌లో 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఈమధ్య పరుగెడుతూనే పడిపోయాడు, కాసేపటికి తనే లేచాడు. ఈసీజీ, ఎకో నార్మల్ అన్నారు. ఎమ్మారైలో మాత్రం గుండె కండరంలో మచ్చ ఉందని వచ్చింది. మా పెదనాన్న కొడుకు 31 ఏళ్లకే నిద్రలో పోయాడు. ఈ మచ్చ మందులతో పోతుందా? కోవిడ్ టీకా వల్లేనని ఇంట్లో అంటున్నారు, నిజమేనా? ఈవెంట్స్ (ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్షలు) దగ్గర పడుతున్నాయి, పరుగెత్తనివ్వచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దామమ్మా. వద్దు, పరుగెత్తనివ్వకండి. కార్డియాలజిస్టు పూర్తిగా చూసి సరేనని రాసిచ్చేదాకా పరుగు, జిమ్, క్రికెట్ అన్నీ ఆపాల్సిందే. ఇన్నేళ్లు కష్టపడ్డ కుర్రాడికి ఈ మాట ఎంత బాధగా ఉంటుందో తెలుసు, అయినా తప్పదు.

స్కూల్ ప్రేయర్‌లో ఎండకు నిలబడి కళ్లు తిరిగి పడే పిల్లలుంటారు, వాళ్లలో చాలామందికి గుండె బాగానే ఉంటుంది. పరుగు మంచి ఊపులో ఉండగా పడిపోవడం అలాంటిది కాదు. ఆ క్షణంలో గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందలేదేమోనని ముందు అనుమానించాలి. పొద్దున ఏమీ తినలేదు, నీరసం వచ్చిందిలే అని సర్దిచెప్పుకోవడం చాలా ఇళ్లలో చూస్తుంటాను, అక్కడే విలువైన సమయం పోతుంది.

మచ్చ అంటే చాలామంది రక్తనాళాల్లో బ్లాకు అనుకుంటారు. ఇది కండరంలోనే ఉండేది. కొన్ని కండర కణాలు చచ్చిపోతే ఆ చోట మళ్లీ కండరం పెరగదు, పీచులాంటి గట్టి కణజాలం పేరుకుంటుంది. పెద్దవాళ్లలో ఎక్కువగా పాత హార్ట్ ఎటాక్ వల్ల వస్తుంది. కుర్రవాళ్లలోనైతే వైరల్ జ్వరంతో పాటు గుండె కండరం వాచి తగ్గిపోయి ఉండొచ్చు, వంశపారంపర్యంగా కండరం మందమయ్యే జబ్బు కావచ్చు, కండరం చోట కొవ్వూ పీచూ చేరే జన్యు జబ్బు కావచ్చు. అసలు ప్రమాదం కరెంటుతో. గుండె కొట్టుకోవడానికి పుట్టే విద్యుత్తు మచ్చలోంచి పోలేదు, దాని అంచుల్లో మిగిలిన కొద్ది కండరం గుండా మెల్లగా పాకుతుంది. వరద కాలువలో బండ పక్కన సుడి పుట్టినట్టు ఒక్కోసారి ఆ విద్యుత్తు మచ్చ చుట్టూనే తిరగడం మొదలుపెడుతుంది. గుండె నిమిషానికి 200 సార్లు, ఆపైన కూడా కొట్టుకుంటుంది, ఇంకా అదుపు తప్పితే వణుకుతుందే తప్ప రక్తాన్ని తోయలేదు. ఆకస్మిక మరణం ఇలాగే జరుగుతుంది. పరుగులో పెరిగే అడ్రినలిన్ అనే హార్మోన్ దీన్ని రెచ్చగొడుతుంది.

మరి ఈసీజీ, ఎకో ఎందుకు నార్మల్ వచ్చాయి? మామూలు ఈసీజీ తీసేది పది సెకన్ల పాటు, ఆ కాసేపు లయ బాగుంటే నార్మల్ అనే రావచ్చు. ఎకో చూసేది గుండె ఎంత గట్టిగా పంపు చేస్తోందని, చిన్న మచ్చ దానికి చిక్కకపోవచ్చు. ఎమ్మారైలో గడోలినియం మందు ఎక్కించి కొంచెం ఆగి ఫొటోలు తీస్తారు, మచ్చ ఉన్నచోట ఆ మందు నిలిచిపోయి తెల్లగా కనిపిస్తుంది. రిపోర్టులో ‘ఎల్‌జీఈ’ అని ఉంటుంది చూడండి. అది ఏ గోడలో ఉంది, ఎంత మేర ఉంది అన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది.

మందులు మచ్చను చెరపలేవు, లయ తప్పే అవకాశాన్ని కొంత తగ్గించగలవు. ముప్పు ఎక్కువని తేలితే ఐసీడీ అనే చిన్న పరికరం ఛాతీలో చర్మం కింద పెడతారు, లయ తప్పగానే అదే షాక్ ఇచ్చి సరిచేస్తుంది. 2021లో జరిగిన యూరో కప్ ఫుట్‌బాల్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలోనే కుప్పకూలాడు, వెంటనే సీపీఆర్ చేసి (అంటే ఛాతీ నొక్కి), షాక్ ఇచ్చి బతికించారు. ఐసీడీ పెట్టించుకుని మరుసటి ఏడాదే మళ్లీ ఆడాడు. అందరూ అలా ఆడొచ్చని కాదు, మచ్చ ఉన్న అందరికీ ఐసీడీ అవసరమనీ కాదు.

టీకా సంగతి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 18–45 ఏళ్ల వాళ్ల ఆకస్మిక మరణాలపై 47 ఆసుపత్రుల ద్వారా చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా వల్ల ముప్పు పెరిగినట్టు అందులో తేలలేదు. కుటుంబంలో ఆకస్మిక మరణం ఉండటం, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, అతిగా తాగడం, తీవ్రమైన శారీరక శ్రమ లాంటివి ముప్పుతో ముడిపడి కనిపించాయి. మొదటిది మీ ఇంట్లోనే ఉంది కదమ్మా. అందుకే టీకా గురించి వాదించుకోవడం ఆపి, మీ అన్నయ్య నిద్రలో ఎందుకు పోయాడో ఆరా తీయండి. పోస్ట్‌మార్టం కాగితం, పాత ఈసీజీ, ఏది దొరికినా డాక్టరుకు చూపించండి. హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించి గుండె లయను నమోదు చేసే చిన్న యంత్రం), అవసరమైతే జన్యు పరీక్ష గురించి అడగండి. మీ నాన్నగారు, మీరు, పెదనాన్న ఇంట్లో మిగతా వాళ్లు కూడా ఈసీజీ, ఎకో చేయించుకోవాలి.

ఇంకోటి, తమ్ముడు మళ్లీ పడిపోతే ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో నీళ్లు పోయకండి. గుండె ఆగినప్పుడు కూడా కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు, గురకలాంటి ఎగశ్వాస రావచ్చు. పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగా లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయండి, ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉండండి. తమ్ముడి గ్రౌండ్ స్నేహితులకు కూడా ఇది ఈ వారమే నేర్పించండి.