ఆపరేషన్‌కి ముందే మనిషిని చూడు

అమ్మాయ్,

ఆశీస్సులు. సర్జికల్ వార్డులో నర్సుగా పోస్టింగ్ ఇచ్చారనీ, తర్వాత ఆపరేషన్ థియేటర్‌కి కూడా పంపుతారనీ రాశావు. టెన్షన్‌గా ఉందన్నావు. కొంత ఉండటమే మంచిది. "అన్నిటికంటే ముందు ఏం నేర్చుకోవాలి పెద్దమ్మా?" అని అడిగావు కదా, దానికే జవాబు రాస్తున్నాను.

పరికరాల పేర్లు, ట్రాలీ సర్దడం చేతికి అలవాటైతే వచ్చేస్తాయి. ముందు నేర్చుకోవాల్సింది, ఆపరేషన్‌కి వెళ్లకముందు ఆ మనిషి ఎలా ఉన్నాడో శ్రద్ధగా చూసి రాసిపెట్టుకోవడం. రోజూ బీపీ 160/90 ఉండే పెద్దాయనకి ఆపరేషన్ తర్వాత 110/70 వచ్చిందనుకో. అంకె మాత్రమే చూసేవాళ్లకి అది నార్మల్. ముందురోజు చూసిన నీకు మాత్రం అది పడిపోయిన బీపీ. అలాగే మత్తు దిగాక ఒకావిడ పిలిస్తే పలకలేదంటే, ఆవిడకి ముందునుంచే చెవుడు ఉందా, ఇప్పుడే స్పృహ తగ్గిందా? కాలు సరిగా కదపడం లేదంటే అది పాత బలహీనతా, కొత్తదా? రాత్రి ఊరికే కంగారుపడుతూ సంబంధం లేని మాటలు మాట్లాడే ముసలాయన నిన్న సాయంత్రం నీతో చక్కగా మాట్లాడాడా? వీటికి జవాబులు ఆపరేషన్ తర్వాత ఎంత వెతికినా దొరకవు, ముందే నీ దగ్గర ఉండాలి. అందుకే అడ్మిషన్ రోజు ఫారాలు నింపే తొందరలో మనిషిని వదిలేయకు. నడిపించి చూడు, మాట్లాడించు, కాళ్లూ పాదాలూ తాకి చూడు.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "మీ పేరు ఫలానాయే కదా?" అంటే భయంలో ఉన్న మనిషి దేనికైనా తలూపుతాడు. "మీ పేరు చెప్పండి, ఏ ఆపరేషన్ చేస్తారని చెప్పారు, ఏ వైపు?" అని ఆయన నోటితోనే చెప్పించు. అప్పుడు కేస్ షీటుతో, చేతి బ్యాండుతో, ఒంటిమీద డాక్టర్ పెట్టిన గుర్తుతో సరిచూడు. "ఏమీ తినలేదు కదా?" అనీ అడగకు. "చివరిసారి ఏం తిన్నారు, ఎప్పుడు? ఏం తాగారు, ఎప్పుడు?" అని అడుగు. అడిగే తీరు మారితే జవాబూ మారుతుందని నువ్వే గమనిస్తావు.

ఖాళీ కడుపు లెక్క మామూలుగా ఇలా ఉంటుంది: గట్టి ఆహారం మత్తుకి 6 గంటల ముందు ఆపాలి, నూనె, కొవ్వు ఎక్కువైతే 8 గంటలు. తల్లిపాలు 4 గంటలు. మంచినీళ్ల లాంటి తేటగా ఉండే ద్రవాలు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. మత్తులో దగ్గే శక్తి పోతుంది, కడుపులోది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే ఈ జాగ్రత్త. కానీ మనవాళ్లు దీన్ని అటువైపు మరీ లాగుతారు. మధ్యాహ్నం కేసుకి కూడా ముందురాత్రి నుంచే నీళ్లు ఆపేస్తారు. ఆపరేషన్ల లిస్టు వెనక్కి జరిగితే ఆ పెద్దవాళ్లు, పిల్లలు ఎండిపోయి ఉంటారు, మత్తు ఇవ్వగానే బీపీ జారిపోతుంది. లిస్టు మారిందని తెలిసిన వెంటనే మత్తు డాక్టర్‌కి ఫోన్ చేసి, నీళ్లు ఇవ్వవచ్చా, సెలైన్ పెట్టాలా అని అడగాల్సింది నువ్వే. రోజువారీ మందుల సంగతీ అంతే. నోట్లో ఏమీ పెట్టవద్దన్నారని బీపీ మాత్రలు కూడా మానేసేవాళ్లు ఉంటారు. ఏది గుక్కెడు నీళ్లతో వేసుకోవాలో, ఏది ఆపాలో ఒక్కొక్కటీ డాక్టర్ చేత రాయించుకో. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు, ఇన్సులిన్ విషయంలో అయితే ఊహతో అడుగు వేయకు.

కన్సెంట్, అంటే ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ పేషెంట్ పెట్టే సంతకం గురించి ఒక మాట. ఆపరేషన్ గురించి వివరించడం డాక్టర్ పని. సంతకం అయినా పేషెంట్‌కి అర్థం కాలేదని నీకు అనిపిస్తే డాక్టర్‌ని మళ్లీ పిలువు. మత్తు కలిగించే ఇంజెక్షన్ ఇచ్చాక పెట్టించిన సంతకం సంతకం కాదు.

ముందురోజు సాయంత్రం ఇంకో పని చెయ్యి. నిండా ఊపిరి తీసుకోవడం, కడుపుమీద దిండు అదిమిపట్టి దగ్గడం, మడమలు పైకీ కిందికీ ఆడించడం నేర్పించు. నీ ఎదురుగా చేయించు. కుట్లు నొప్పి పెడుతున్నప్పుడు కొత్త విద్య ఎవరికీ ఎక్కదు. ఆ కూర్చున్న కాసేపట్లోనే, బంధువులు పక్కకి వెళ్లాక, "దేని గురించి భయంగా ఉంది?" అని అడుగు. మధ్యలో మెలకువ వస్తుందేమోనని కొందరికి, ఒంటిమీద బట్ట ఉండదేమోనని కొందరికి, తమ వెనక ఇంట్లోవాళ్ల గతేమిటని కొందరికి. అడిగితేనే కదా, ఒక్క మాటతో తీరే భయాలు తీరతాయి. జుట్టు తీయాల్సి వస్తే బ్లేడు వాడనివ్వకు, క్లిప్పర్‌తో తీయాలి. బ్లేడు చేసే కంటికి కనిపించని గీతల్లోనే క్రిములు చేరతాయి. కట్టుడు పళ్లు, నగలు, గోళ్ల రంగు తీయించడం నీకు ఎలాగూ తెలుసు.

ఇక థియేటర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో సర్జరీ చెక్‌లిస్టు తెచ్చింది. మత్తుకి ముందు, కోత పెట్టేముందు, పేషెంట్ థియేటర్ దాటే ముందు, మూడుచోట్ల అందరూ ఆగి పైకి చదివి సరిచూసుకోవాలి. 8 ఆసుపత్రుల్లో దాన్ని వాడకముందు, వాడిన తర్వాత లెక్కలు పోల్చి 2009లో ప్రచురించారు. పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కేసు అయిపోయాక ఒక మూల కూర్చుని టిక్కులు పెడితే మాత్రం ఆ కాగితం ఎవరినీ కాపాడదు. గొంతు విప్పి చదువు. సర్జన్ తొందరలో ఉన్నా చదువు.

కౌంట్, అంటే ఒంటి లోపల ఏదీ మిగిలిపోలేదని తేల్చే వస్తువుల లెక్క కూడా అలాంటిదే. మొదలుపెట్టేముందు, లోపలి పొర మూసేముందు, చర్మం కుట్టేముందు, ఇద్దరు కలిసి, ప్రతి మాప్‌నీ (రక్తం అద్దే గుడ్డ) ప్రతి సూదినీ కళ్లారా చూస్తూ, పైకి లెక్కపెట్టాలి. మధ్యలో కొత్త ప్యాకెట్ తెరిస్తే అప్పుడే రాసుకోవాలి. మాప్‌ని ముక్కలు చేయకూడదు. ఒకటి తక్కువైతే "కౌంట్ సరిపోలేదు సార్" అని గట్టిగా చెప్పు. వెతకాలి, దొరక్కపోతే ఎక్స్‌రే తీయాలి. మాప్‌లలో ఎక్స్‌రేలో కనిపించే దారం ఉండేది అందుకే. లెక్క తేలేదాకా నీ మాట మీద నువ్వు నిలబడు. నిద్రలో ఉన్న ఆ మనిషి తరఫున మాట్లాడేవాళ్లు ఆ గదిలో ఉండాలి కదా.

ఆయనకి నొప్పి తెలియదు, అంటే చెయ్యి మెలిపడినా, మడమ నలిగినా చెప్పలేడు. చేతులను 90 డిగ్రీలకు మించి పక్కకి చాపకు, మోచేతుల కింద, మడమల కింద మెత్త పెట్టు. కాళ్లు పైకెత్తే పొజిషన్ అయితే ఇద్దరు కలిసి రెండు కాళ్లూ ఒకేసారి, నెమ్మదిగా ఎత్తాలి, దించేటప్పుడూ అంతే. తొందరగా దించితే బీపీ పడిపోతుంది. డయాథర్మీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) ప్లేటు కండ ఉన్న పొడిచోట, పూర్తిగా అంటుకునేలా వెయ్యి. చర్మానికి రాసిన స్పిరిట్ ఒంటి కింద చేరి తడిసి ఉందేమో చూడు, అక్కడ నిప్పు అంటుకోవచ్చు. ఇంకా, కప్పి ఉంచు తల్లీ. మత్తులో ఒళ్లు తన వేడి తాను కాపాడుకోలేదు. 36 డిగ్రీల కంటే పడితే రక్తస్రావం ఎక్కువవుతుంది, గాయం చీము పట్టే అవకాశమూ పెరుగుతుంది.

ఆపరేషన్ తర్వాతి గంటల్లోనే నర్సు అసలు పని. రికవరీ గదిలో మొదట చూడాల్సింది ఊపిరి. గురక పెడుతుంటే బాగా నిద్రపోతున్నాడని మురిసిపోకు, నాలుక వెనక్కి పడి దారి మూస్తోందేమో చూడు. గడ్డం ఎత్తి, వీలైతే పక్కకి తిప్పి పడుకోబెట్టు. అటూ ఇటూ కొట్టుకుంటుంటే నొప్పి అనుకుని వెంటనే ఇంజెక్షన్‌కి పోకు, ముందు ఆక్సిజన్ చూడు, తర్వాత మూత్రాశయం నిండిందేమో చూడు. లోపల రక్తం కారుతుంటే ముందు పల్స్ పెరుగుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, బీపీ పడటం చాలా ఆలస్యంగా వస్తుంది. డ్రెస్సింగ్ పైకి పొడిగా ఉందని వదిలేయకుండా నడుము కింద, మెడ ఆపరేషన్ అయితే మెడ వెనక చెయ్యి పెట్టి చూడు, రక్తం పల్లానికే పోతుంది. డ్రెయిన్‌లో (గాయంలోని ద్రవాన్ని బయటికి తీసే ట్యూబ్) ఎంత వచ్చిందో గంటగంటకీ రాయి. ఉన్నట్టుండి ఆగిపోతే మంచిదని అనుకోకు, ట్యూబ్ మడతపడిందేమో, గడ్డకట్టి మూసుకుందేమో చూడు. మూత్రం కిలో బరువుకి గంటకి 0.5 మి.లీ. కన్నా తగ్గితే చెప్పాలి.

నొప్పిని తక్కువ చేసి చూడకు. నొప్పి ఉన్నవాడు దగ్గడు, లేవడు, ఊపిరి నిండా తీసుకోడు, నిమోనియా అక్కడినుంచే వస్తుంది. ఇంజెక్షన్ పడ్డాక అరగంటకి మళ్లీ వెళ్లి తగ్గిందా అని అడుగు. మార్ఫిన్ లాంటివి ఇస్తే మగత ఎలా ఉందో, నిమిషానికి ఎన్ని శ్వాసలో చూడు. పిలిస్తే కళ్లు తెరవడం కష్టమవుతోందంటే అదే మొదటి హెచ్చరిక, శ్వాస తగ్గడం ఆ తర్వాత వస్తుంది.

డాక్టర్ ఒప్పుకుంటే తొందరగా లేపు. ముందు కూర్చోబెట్టి, కాళ్లు వేలాడేయించి, తల తిరగడం లేదని చూసుకుని నిలబెట్టు. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) ఇచ్చినవాళ్లకి కాళ్ల బలం తిరిగి వచ్చిందని నువ్వే పరీక్షించాకే లేపాలి. ఒక కాలు పిక్క మాత్రం వాచి నొప్పి పెడుతుంటే దాన్ని నలపనివ్వకు, డాక్టర్‌కి చెప్పు. కొన్ని రోజుల తర్వాత పొట్ట కుట్ల నుంచి ఒక్కసారిగా లేత ఎర్రటి నీరు కారితే లోపలి కుట్లు విడిపోతున్నాయని అర్థం. పేగు బయటికి వస్తే లోపలికి నెట్టకు. స్టెరైల్ సెలైన్‌లో తడిపిన గాజ్ కప్పి, మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, పేషెంట్‌ని వదలకుండా మనుషులను కేకెయ్యి.

రాత్రి ఎంత పొద్దుపోయినా డాక్టర్‌ని లేపడానికి జంకకు. "సార్, పేషెంట్ ఎందుకో బాగాలేడు" అంటే నిద్రమత్తులో ఆయనకి ఏమీ అందదు. "సార్, ఇవాళ పొట్ట ఆపరేషన్ అయిన 4వ బెడ్. పల్స్ 88 నుంచి 124కి పెరిగింది, చేతులు చల్లగా ఉన్నాయి, రెండు గంటల్లో యూరిన్ 20 మి.లీ. మాత్రమే వచ్చింది. లోపల రక్తం పోతోందని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి" అని చెప్పు. ఆయన చెప్పింది మళ్లీ ఆయనకే చదివి వినిపించు, టైమ్ వేసి రాసుకో. ఆయన రాకపోతే పైవాళ్లకి ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
నీ పెద్దమ్మ