వీవీటీ బండి షెడ్డుకొస్తే ముందు ఆయిల్ చూడు

హైదరాబాద్

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పెట్రోల్ కారు, చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, స్కానర్‌లో పీ0011 అని కోడ్ వచ్చింది, ఐడిలింగ్‌లో బండి వణుకుతోంది. కస్టమరేమో తొందరపెడుతున్నాడు. పక్క షెడ్డు అతను ఫేజర్, అంటే క్యామ్ షాఫ్ట్‌ని ముందుకూ వెనక్కూ జరిపే ముక్క, మార్చెయ్యమన్నాడు. ఫోన్లో చెబితే ఆ చప్పుళ్లలో సగం నీకు వినపడదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఫేజర్ జోలికి వెళ్లకు.

ఇన్నాళ్లూ నువ్వు ఎక్కువగా చేసింది డీజిల్ ట్యాక్సీలు, ట్రాలీలు. వాటిలో మార్కులు కలిపి చైనో బెల్టో ఎక్కించామంటే వాల్వులు తెరుచుకునే వేళ, మూసుకునే వేళ ఇక మారవు. ఈ పెట్రోల్ ఇంజిన్లలో బండి నడుస్తుండగానే ఆ వేళ మారుతుంటుంది. దాన్నే వీవీటీ, అంటే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ అంటారు. అది ఎందుకు మారాలో నీకు ఒంటబట్టిందంటే, ఎక్కడ తేడా కొట్టిందో బండి లక్షణాలే చెబుతాయి. కోడ్ చూసి పార్ట్ మార్చే పని ఎవరైనా చేస్తారు. నువ్వు ఆ దారిలో పోకూడదని నా కోరిక.

పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే, వాల్వులు తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, అది నీకు తెలుసు. పిస్టన్ పైన ఉన్నప్పుడు గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని, కిందికి చేరగానే మూసుకుంటుందని ఐటీఐలో చెప్పి ఉంటారు. నిజం ఇంజిన్లో అలా జరగదు. పిస్టన్ పైకి చేరకముందే ఇన్‌టేక్ తెరుచుకోవడం మొదలవుతుంది, కింది నుంచి మళ్లీ పైకి బయల్దేరాక గానీ పూర్తిగా మూసుకోదు. ఎందుకో ఒక లెక్క చేసి చూడు. ఇన్‌టేక్ వాల్వు క్రాంకు మీద 240 డిగ్రీల సేపు తెరిచి ఉంటుందనుకో. 800 ఆర్‌పీఎం మీద అది సెకనులో వెయ్యింట 50 వంతులు. అదే 6000 మీద వెయ్యింట 7 వంతులు కూడా లేదు. ఆ కాస్త సమయంలోనే సిలిండర్ నిండాలి.

గాలికి బరువుంది, ఊపుంది. సాయంత్రం కోఠిలో సిటీ బస్సు ఎక్కే జనాన్ని చూశావుగా. పరుగెత్తుకొచ్చే గుంపు ఉన్నప్పుడు బస్సు కదిలాక కూడా వెనకవాళ్ల తోపుకి ఇంకో నలుగురు లోపలికి పడతారు. తోసేవాళ్లు లేనప్పుడు తలుపు అలాగే తెరిచి ఉంచితే మెట్టు మీద ఉన్నవాళ్లే కిందికి జారిపోతారు. ఇంజిన్లోనూ అంతే. ఆర్‌పీఎం ఎక్కువుంటే ఇన్‌టేక్ వాల్వుని ఆలస్యంగా మూయాలి, పిస్టన్ పైకి వస్తున్నా గాలి తన ఊపుతో లోపలికి వస్తూనే ఉంటుంది. ఆర్‌పీఎం తక్కువుంటే త్వరగా మూయాలి, లేకపోతే పీల్చిన గాలిని పిస్టన్ మళ్లీ అది వచ్చిన గొట్టంలోకే, అంటే మానిఫోల్డులోకి తోసేస్తుంది.

రెండోది ఓవర్‌ల్యాప్. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకుని, కాసేపు రెండూ తెరిచి ఉండే సమయం అది. ఐడిలింగ్‌లో గాలిని వదిలే థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి మానిఫోల్డులో వాక్యూమ్ గట్టిగా ఉంటుంది. అప్పుడు ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే కాలిన పొగ వెనక్కి వెళ్లి కొత్త గాలిలో కలుస్తుంది. మంట సరిగా అంటుకోదు, ఇంజిన్ వణుకుతుంది. నీ షెడ్డులో ఉన్న బండికి జరుగుతున్నది బహుశా ఇదే. ఆ ఓవర్‌ల్యాపే ఒక మోస్తరు లోడు మీద నడిచేటప్పుడు మంచిది. కొంచెం పాత పొగ లోపల మిగిలితే మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకుంటుంది కాబట్టి గాలి పీల్చడానికి ఇంజిన్ పడే శ్రమా తగ్గుతుంది.

మన ఊళ్లో ఒక బండి రోజు చూడు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడి ఉంటే ఇన్‌టేక్ క్యామ్ వెనక్కి, అంటే వాల్వు ఆలస్యంగా తెరుచుకునేలా ఉండాలి, ఓవర్‌ల్యాప్ తక్కువుండాలి. బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే క్యామ్ ముందుకు జరగాలి, వాల్వు త్వరగా మూసుకోవాలి, అప్పుడే లాగుడు వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఆర్‌పీఎం పైకి తీసి ఓవర్‌టేక్ చేసేటప్పుడు మళ్లీ వెనక్కి రావాలి. మారని క్యామ్ ఉన్న ఇంజిన్ ఈ మూడింటికీ మధ్యలో ఎక్కడో రాజీపడి బతుకుతుంది. ఆ రాజీ అక్కర్లేకుండా చేసేదే వీవీటీ.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమ్మకానికి వచ్చిన కార్లలో 1980లోనే ఆల్ఫా రోమియో పెట్టింది. 1989లో హోండా వీటెక్ తెచ్చి 1.6 లీటర్ల ఇంజిన్ నుంచి 160 హార్స్‌పవర్ తీసింది. తొంభైల నడుమ టొయోటా వీవీటీ-ఐ వచ్చింది. మన రోడ్ల మీది బండ్లలో మారుతి వీవీటీ అని పెట్టింది, హ్యుందాయ్ వీటీవీటీ అని పెట్టింది, ఎవరి పేరు వాళ్లది. పేరు చూసి మోసపోకు. వీటెక్ అసలు పని క్యామ్‌ని ముందుకూ వెనక్కూ జరపడం కాదు, రాకర్ ఆర్మ్‌ల మధ్య ఒక పిన్నుని ఆయిల్ ప్రెషర్‌తో తోసి క్యామ్ మీదున్న ఇంకో గుబ్బకి, అంటే లోబ్‌కి మారడం. హోండా సింగిల్ క్యామ్ ఐ-వీటెక్ ఇంజిన్లు చాలావాటిలో ఫేజర్ ఉండనే ఉండదు. అందుకని బండి వెనక బ్యాడ్జి చూసి ఏదీ తేల్చకు, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరువు.

ఇక ఫేజర్ సంగతి. టైమింగ్ చైన్ తిప్పే స్ప్రాకెట్, దాని లోపల ఖాళీ గదులున్న హౌసింగ్ ఒకటే ముక్కగా ఉంటాయి. ఆ గదుల్లో రెక్కలున్న రోటర్ ఉంటుంది, అది క్యామ్ షాఫ్ట్ చివర బోల్టుతో బిగించి ఉంటుంది. ప్రతి రెక్కకీ రెండు పక్కలా ఆయిల్ ఉంటుంది. ఒక పక్క ప్రెషర్ పెరిగితే క్యామ్ ముందుకు, రెండో పక్క పెరిగితే వెనక్కి. రెండు పక్కలా సమానంగా ఆపితే ఉన్నచోటే నిలబడుతుంది. ఏ పక్కకి ఆయిల్ పంపాలో చూసేది ఓసీవీ, అంటే ఆయిల్ కంట్రోల్ వాల్వు. లోపల సన్నటి స్పూల్, వెనక సోలినాయిడ్ కాయిల్. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, కరెంటుని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ ఆ స్పూల్‌ని కావలసినచోట నిలబెడుతుంది. క్రాంకు సెన్సార్, క్యామ్ సెన్సార్ రెండూ చూసి తను అడిగిన యాంగిల్ వచ్చిందో లేదో తెలుసుకుంటుంది. స్టార్ట్ చేసే వేళకి ఆయిల్ ప్రెషర్ ఉండదు కదా, అప్పుడు రోటర్ కొట్టుకోకుండా ఒక చిన్న లాక్ పిన్ దాన్ని పట్టుకుని ఉంటుంది. ప్రెషర్ వచ్చాక పిన్ వెనక్కి పోతుంది. చాలా బండ్లలో ఇన్‌టేక్ ఫేజర్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు లాక్ అవుతుంది, ఎగ్జాస్ట్ ఫేజర్ పూర్తిగా ముందుకు ఉన్నప్పుడు. రెండూ అలా ఉంటే ఓవర్‌ల్యాప్ తక్కువ, స్టార్టింగ్ సాఫీగా ఉంటుంది. క్యామ్ తిరిగేటప్పుడు పడే లోడు మొత్తం మీద ఫేజర్‌ని వెనక్కే లాగుతుంది, అందుకే ఎగ్జాస్ట్ వైపు దాన్ని ముందుకు తెచ్చే స్ప్రింగ్ కూడా పెడతారు. విప్పేటప్పుడు అది ఎగిరి తగులుతుంది, జాగ్రత్త.

చూశావా, ఇక్కడ ప్రతి కదలికా ఆయిల్‌తోనే. ఇంజిన్‌కి నూనె రాసే ఆయిలే ఇక్కడ హైడ్రాలిక్ ఆయిల్‌గా కూడా పని చేస్తోంది. అందుకే ఈ కోడ్లు వస్తే నేను మొదట పట్టుకునేది స్కానర్ కాదు, డిప్‌స్టిక్. లెవెల్ ఎంతుంది, రంగెలా ఉంది, వేళ్ల మధ్య రుద్దితే జిగటగా ఉందా, పెట్రోల్ వాసన వస్తోందా చూడు. ఆయిల్ మూత తీసి లోపలి పక్క చూడు. నల్లటి మడ్డి కనపడితే సగం సమాధానం అక్కడే ఉంది. ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడు పోశారు అని కస్టమర్ని అడుగు. నసపెట్టినా సరే, బిల్లు చూపించమను.

ఆయిల్ బాగుంటే ఓసీవీకి వైరు తగిలే కప్లర్ చూడు. ఓసీవీ లోపలి సీలు పోతే కొన్ని బండ్లలో ఆయిల్ కప్లర్‌లోకి దిగి, వైరు వెంబడి లోపలికి పాకుతుంది. ఆ తర్వాత కాయిల్ రెసిస్టెన్స్ చూడు. టొయోటా ఇంజిన్లు చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర 7 ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది, నీ బండికి ఎంతో మాన్యువల్లో చూసుకో. తర్వాత వాల్వుని బయటికి తీయి. దాని మీదో, హెడ్‌లో ఆయిల్ వచ్చే దారిలోనో సన్నటి జాలీ ఉంటుంది. మడ్డి మొదట పట్టేది అక్కడే. జాలీని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడు, ప్రతి కన్నూ కనపడాలి. బ్యాటరీ కరెంటు ఒక్క క్షణం తగిలిస్తే స్పూల్ టక్కున కదిలి, తీయగానే వెనక్కి రావాలి. ఎక్కువసేపు తగిలించకు, కాయిల్ కాలిపోతుంది. స్పూల్ నెమ్మదిగా వచ్చినా, మధ్యలో ఆగినా తప్పు దొరికినట్టే.

నీ కేసులో ఇంకో తేలికైన పరీక్ష ఉంది. పీ0011 అంటే ఇన్‌టేక్ క్యామ్ ఈసీయూ అడిగినదానికంటే ముందుకు ఉండిపోయింది, లేదా అడిగినప్పుడు వెనక్కి రావడం లేదు అని. ఐడిలింగ్‌లో ఓసీవీ కప్లర్ పీకేయి. కొత్త కోడ్ ఒకటి పడుతుంది, పరవాలేదు, తర్వాత చెరిపేద్దాం. కప్లర్ పీకగానే వణుకు తగ్గిందంటే స్పూల్, ఫేజర్ రెండూ వెనక్కి రాగలుగుతున్నాయి, తప్పు కరెంటు వైపుంది. వణుకు అలాగే ఉంటే స్పూల్ ఇరుక్కుంది, లేదా ఫేజర్ ఇరుక్కుంది. బాగున్న ఓసీవీ పెట్టినా మారకపోతే అప్పుడు ఫేజర్ గురించి ఆలోచించు. అంతకు ముందు కాదు. కస్టమర్ డబ్బు కష్టార్జితం, మన ఊహలకి అతను బిల్లు కట్టకూడదు.

స్కానర్ వాడేటప్పుడు అడిగిన యాంగిల్, వచ్చిన యాంగిల్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. కొన్ని స్కానర్లు క్రాంకు డిగ్రీల్లో చూపిస్తాయి, కొన్ని క్యామ్ డిగ్రీల్లో. క్యామ్ మీద 25 అంటే క్రాంకు మీద 50. ఈ తేడా తెలియక బాగున్న బండిని పాడైందని చెప్పేవాళ్లున్నారు. పీ0016 కూడా కలిసి వచ్చిందనుకో, అనుమానం చైన్ మీదికి పోవాలి. చైన్ సాగితే క్రాంకుకీ క్యామ్‌కీ మధ్య లెక్క తప్పుతుంది, అప్పుడు ఎన్ని ఓసీవీలు మార్చినా లైటు మళ్లీ వెలుగుతుంది.

పొద్దున మొదటి స్టార్ట్‌లో ఒకటి రెండు సెకన్లు కటకటమని చప్పుడొచ్చి ఆగిపోతుందని ఎవరైనా చెబితే, మధ్యాహ్నం వేడి ఇంజిన్ విని తల ఊపకు. బండిని రాత్రి షెడ్డులోనే ఉంచమను, తెల్లారి నువ్వే స్టార్ట్ చేసి విను. లాక్ పిన్ అరిగిందా, రాత్రికి ఆయిలంతా కిందికి దిగిపోయిందా అన్నది అప్పుడే తేలుతుంది.

ఆయిల్ గురించి ఇంకో మాట. మన సిటీ నడకలో ఓడోమీటర్ కదలకపోయినా ఇంజిన్ గంటల కొద్దీ నడుస్తుంది. అందులోనూ ఇంటి నుంచి ఆఫీసుకి మూడు నాలుగు కిలోమీటర్లే తిరిగే బండ్లలో ఇంజిన్ సరిగా వేడెక్కదు, ఆయిల్లో చేరిన నీరు, పెట్రోల్ ఆవిరి కావు. అలాంటి బండికి 10,000 కిలోమీటర్లు వచ్చేదాకా ఆగమని చెప్పకు. సంవత్సరం దాటనివ్వకు, వీలైతే ఇంకా ముందే మార్చు. చప్పుడు తగ్గుతుందని గట్టి ఆయిల్ పోసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. 0డబ్ల్యూ-20 రాసి ఉన్న ఇంజిన్‌కి 20డబ్ల్యూ-50 పోస్తే చల్లటి ఇంజిన్లో ఆ సన్నటి దారుల్లో ఆయిల్ తేలిగ్గా కదలదు, ఫేజర్ స్పందన మందగిస్తుంది. మడ్డి బాగా పట్టిన ఇంజిన్‌కి ఫ్లషింగ్ లిక్విడ్ కూడా నాకు నచ్చదు. ఊడిన మడ్డి అంతా ఒక్కసారిగా వచ్చి ఆయిల్ పంప్ జాలీకే అడ్డం పడొచ్చు. మంచి ఆయిల్, ఫిల్టర్ వేసి, తక్కువ కిలోమీటర్లకే మళ్లీ మార్చడం మేలు.

ఓసీవీ కొనాల్సి వస్తే చాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు తీసుకున్నాకే రాణీగంజ్‌కో పుత్లీబౌలికో వెళ్లు. పాత ముక్క చూపించి దీనిలాంటిది ఇవ్వమంటే కప్లర్ సరిపోయే ముక్క ఇస్తారు, లోపలి దారులు వేరేగా ఉండొచ్చు. కొత్తది బిగించేటప్పుడు ఓ-రింగ్‌కి కాస్త ఆయిల్ రాయి.

పని అయ్యాక కోడ్లు చెరిపి, ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, స్కానర్ తగిలించే ఉంచి రోడ్డు మీదికి తీసుకెళ్లు. యాంగిల్ చూడటానికి పక్కన ఒకణ్ణి కూర్చోబెట్టుకో, నడుపుతూ నువ్వు స్క్రీన్ చూడకు. ట్రాఫిక్‌లో కొంచెం, ఔటర్ మీద కొంచెం తిప్పు. రెండు యాంగిల్స్ కలిసి కదులుతుంటేనే బండి అప్పగించు.

అప్పటికీ కదలకపోతే ఫేజర్ విప్పాల్సిందే. కానీ ఆ సెంటర్ బోల్టు ఒక్కడివే విప్పకు. క్యామ్‌ని సరిగా పట్టి ఉంచకపోయినా, మార్కులు ఒక పన్ను తప్పినా వాల్వు పిస్టన్‌కి తగిలే ఇంజిన్లున్నాయి. బిగించాక క్రాంకుని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ చూసుకోకుండా సెల్ఫ్ కొట్టకూడదు. లాకింగ్ టూల్, టార్క్ రెంచి నా దగ్గరున్నాయి. ఆదివారం పొద్దున్నే తీసుకుని నేనే వస్తాను. కస్టమర్‌కి సోమవారం దాకా టైం కావాలని ఇప్పుడే చెప్పెయ్యి.

అక్కని అడిగినట్టు చెప్పు.

మీ మామయ్య