మెఫీబోషెతు అంటే నిజంగా ‘సిగ్గు’ అనేనా? మరి మెరీబ్బయలు ఎవరు?

మీరు అడిగినవి రెండు. బైబిల్లో సౌలు రాజు కొడుకు యోనాతానుకి పుట్టిన అబ్బాయి కుంటివాడు కాబట్టి ‘సిగ్గు’ అనే అర్థం వచ్చేలా మెఫీబోషెతు అని పేరు పెట్టారని ప్రసంగంలో విన్నారు, అది నిజమేనా? అదే అబ్బాయి 1 దినవృత్తాంతములు 8:34లో మెరీబ్బయలు ఎలా అయ్యాడు?

మొదటిదాంట్లో సగమే నిజం. హీబ్రూలో ‘బోషెత్’ అంటే సిగ్గే. కానీ కుంటితనానికీ ఆ పేరుకీ సంబంధం లేదు. 2 సమూయేలు 4:4 ఒకసారి తీసి చూడండి. సౌలు, యోనాతాను చనిపోయారన్న వార్త యెజ్రెయేలు నుంచి వచ్చేటప్పటికి పిల్లాడికి ఐదేళ్లు. దాది ఎత్తుకుని పారిపోతుంటే కిందపడి కుంటివాడయ్యాడు. పేరు అంతకుముందే ఉంది కదా! పైగా రాజుగారి కొడుకు తన బిడ్డకి ఏరికోరి ‘సిగ్గు’ అని పేరు పెట్టుకుంటాడా? ఆ మాట తల్లిదండ్రులది కాదు, తర్వాతి కాలంలో గ్రంథాన్ని నకలు చేసిన లేఖకులది.

అదెలా తెలుస్తుందంటే, ఈ ఒక్క పేరే కాదు, ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. 2 సమూయేలు 2:8లో సౌలు కొడుకు ఇష్బోషెతు. అతనే 1 దినవృత్తాంతములు 8:33లో ఎష్బయలు. గిద్యోనుకి న్యాయాధిపతులు 6:32లో వచ్చిన పేరు యెరుబ్బయలు. అదే పేరు 2 సమూయేలు 11:21కి వచ్చేసరికి యెరుబ్బెషెతు. ఒకచోట ‘బయలు’ ఉన్న స్థానంలో ఇంకోచోట ‘బోషెతు’ కూర్చుంది.

ఈ ‘బయలు’ మన తెలుగు బయలు కాదు, ఆరుబయటికీ దీనికీ చుట్టరికం లేదు. హీబ్రూలో ‘బాల్’, బేత్, అయిన్, లామెద్ అనే మూడక్షరాల మాట. మధ్యలో ఉన్న అయిన్ గొంతులోంచి పలికే హల్లు, మనకి లేదు. తెలుగు అనువాదకులు అక్కడ ‘య’ వేసి సర్దారు. సువార్తల్లోని బయెల్జెబూలులో మొదటి ముక్క కూడా ఇదే. అర్థం యజమాని, ప్రభువు, భర్త. కనాను దేవతకి అది పేరైంది గానీ, తొలిరోజుల్లో ఇశ్రాయేలీయులు యెహోవానీ ఆ మాటతో పిలిచిన జాడలున్నాయి. దావీదు దగ్గరికి వచ్చిన వీరుల్లో ఒకడి పేరు బెయల్యా (1 దినవృత్తాంతములు 12:5), అంటే ‘యెహోవాయే ప్రభువు’. హోషేయ 2:16లో ఇకమీదట నన్ను ‘బయలీ’ (నా యజమాని) అని పిలవవు, ‘ఇషీ’ (నా భర్త) అంటావు అని దేవుడు చెప్పడం వెనక ఉన్నది ఈ అలవాటే. కాబట్టి మెరీబ్బయలు అన్న పేరు చూసి సౌలు ఇంట్లో విగ్రహపూజ జరిగిందని తీర్మానించకూడదు.

తర్వాత బయలు పూజ మీద ప్రవక్తల పోరు ముదిరాక ఆ మాట పలకడమే అసహ్యమైపోయింది. హోషేయ 9:10లో తెలుగు బైబిలు ‘లజ్జాకరమైన దేవత’ అంటుంది, అక్కడ హీబ్రూలో ఉన్నది ఈ బోషెతే. యిర్మీయా 11:13లో బోషెతూ బయలూ ఒకే వచనంలో ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. పాత గ్రీకు అనువాదమైతే 1 రాజులు 18లో కర్మెలు కొండ మీది బయలు ప్రవక్తల్ని ‘సిగ్గు ప్రవక్తలు’ అనేసింది.

మరి సమూయేలు కంటే తర్వాత రాసిన దినవృత్తాంతములలో పాత రూపం ఎలా మిగిలింది? దినవృత్తాంతముల్ని జనం తక్కువగా చదివారు కాబట్టి లేఖకుల చెయ్యి దానిమీద అంతగా పడలేదని ఎక్కువమంది చెప్పే కారణం. నాకూ అదే సబబనిపిస్తుంది. సమూయేలులో మాత్రం పూర్తిగా శుభ్రం చేశారా అంటే, అదీ లేదు. 1 సమూయేలు 12:11లో యెరుబ్బయలు అలాగే ఉండిపోయాడు. 1 సమూయేలు 14:49లో సౌలు కొడుకుగా కనిపించే ఇష్వీ ఈ ఎష్బయలేనని చాలామంది అంటారు.

అసలు చిక్కు పేరు మొదటి సగంలో ఉంది. బయలు తీసి బోషెతు పెడితే మెరీబ్బయలు ‘మెరీబ్బోషెతు’ కావాలి, మెఫీబోషెతు కాకూడదు. ‘మెరీబ్’లో ఉన్న ధాతువు ‘రీబ్’, వాదించడం, వ్యాజ్యమాడడం. యెరుబ్బయలులోనూ అదే. పైగా 1 దినవృత్తాంతములు 9:40 హీబ్రూలో ఒకే వచనంలో ఒకసారి ‘మెరీబ్ బాల్’ అని, వెంటనే ‘మెరీ బాల్’ అని రెండు రకాలుగా ఉంది. ‘మెఫీ’ సంగతి వేరు. ‘మిప్పీ’ అంటే ‘నోటి నుండి’, దాంతో ముడిపెట్టి ‘ప్రభువు నోటి నుండి వచ్చినవాడు’ అనేవాళ్లున్నారు. బైబిలు మాటలకి నంబర్లు వేసి అర్థాలిచ్చే స్ట్రాంగ్స్ నిఘంటువు 4648వ నంబరు కింద ‘సిగ్గును చెదరగొట్టేవాడు’ అని ఇస్తుంది. ఫోన్ యాప్‌లన్నీ దాన్నే తిప్పి తిప్పి చూపిస్తాయి. ఆ అర్థానికి ఆధారంగా చూపే క్రియ బైబిలు మొత్తంలో ఒక్కసారే, ద్వితీయోపదేశకాండము 32:26లో వస్తుంది. అంత సన్నటి దారానికి ఒక ప్రసంగాన్ని వేలాడదీయకండి.

ఇంకో సంగతి: మెఫీబోషెతులు ఇద్దరు. 2 సమూయేలు 21:7లో దావీదు కాపాడినవాడు యోనాతాను కొడుకు. ఆ వెంటనే 8వ వచనంలో గిబియోనీయులకి అప్పగించినవాడు సౌలు ఉపపత్ని రిస్పాకి అతని వల్ల పుట్టిన కొడుకు. అసలు మెఫీబోషెతు రిస్పా కొడుకేననీ, యోనాతాను కొడుకు మెరీబ్బయలేననీ, నకళ్లలో రెండు పేర్లు కలిసిపోయాయనీ ఒక వాదన ఉంది. పేర్లు కలగాపులగం అయ్యాయనడానికి సాక్ష్యం లేకపోలేదు. మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన సమూయేలు చుట్టల్లో ఒకటి, 2 సమూయేలు 4వ అధ్యాయం మొదట్లో ఇష్బోషెతు ఉండాల్సిన చోట మెఫీబోషెతు అని రాసింది.

‘బయలు’ అసలు రూపమనడానికి మట్టిలోంచి కూడా సాక్ష్యం దొరికింది. ఇశ్రాయేలులో ఏలా లోయ దగ్గర ఖిర్బెత్ కెయాఫా తవ్వకాల్లో 2012లో ఒక జాడీ పెంకులు బయటపడ్డాయి. అతికించి చూస్తే దానిమీద ‘బెదా కొడుకు ఎష్బాల్’ అని ఉంది, అంటే మన ఎష్బయలు పేరే. 2015లో ప్రకటించారు. కాలం ఇంచుమించు దావీదు రోజులదే. ఇతను సౌలు కొడుకు కాదు, తండ్రి పేరే వేరు. కానీ ఆ పేరు అప్పట్లో మామూలుగా పెట్టుకునేదేనని తేలింది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది. బోషెతు సిగ్గు కాదు, పాత మెసొపొతేమియాలోని అక్కదు భాషలో గౌరవం, కాపాడే శక్తి అనే అర్థమున్న ‘బాష్తు’కి చుట్టమని. కొట్టిపారేయలేం. కానీ హోషేయ, యిర్మీయాలలో బోషెతు, బయలు అంత దగ్గరగా కనిపిస్తుంటే నేనైతే పాత వాదన వైపే ఉంటాను.

పలకడానికి: హీబ్రూలో ‘మెఫీవోషెత్’, ఊనిక ‘వో’ మీద. చివరి ‘ఉ’కారం మన తెలుగు అలవాటు.

ఇదే ప్రసంగాల్లో మెఫీబోషెతు ఉన్న ఊరు లోదెబారుకి ‘మాట లేని చోటు’, ‘మేత లేని చోటు’ అని అర్థం చెప్పడమూ వింటుంటాం. 2 సమూయేలు 17:27లో ‘లో’ని అలెఫ్ అనే హీబ్రూ అక్షరంతో రాశారు, అప్పుడది ‘లేదు’. మెఫీబోషెతు కథ ఉన్న 9:4లో మాత్రం వావ్ అనే అక్షరంతో రాశారు, అక్షరాల్ని బట్టి అది ‘అతనికి’ అవుతుంది. ఊరి పేరు ధ్వనిని రాసుకోవడంలో వచ్చిన తేడా తప్ప మరేం కాదు. ఆ పేరుతో కావాలని శ్లేష ఆడినవాడు ఆమోసు ప్రవక్త (6:13). మెఫీబోషెతు కథ రాసినవాడికి ఆ ఉద్దేశం ఉన్నట్టు కనిపించదు.