పరిశోధన ఉద్దేశాన్ని బట్టి ఏ రకమో ఎలా తేల్చుకోవాలి?

మీరు అడిగినవి రెండు: ఉద్దేశాన్ని బట్టి పరిశోధనలు ఎన్ని రకాలు, 'డ్వాక్రా మహిళల ఆదాయంపై బ్యాంకు రుణాల ప్రభావం' అన్న మీ అంశం దేని కిందికి వస్తుంది. రకాల లెక్క ఒక్కో పాఠ్యపుస్తకంలో ఒక్కోలా ఉంటుంది, బట్టీ పట్టకండి. జవాబు దొరికాక దానితో ఎవరు ఏం చేస్తారో ఆలోచించండి, రకం అక్కడే తేలిపోతుంది. నేను వ్యవసాయ విస్తరణలో, అంటే కొత్త పద్ధతులను రైతులకు చేరవేసే శాస్త్రంలో పీజీ చేశాను కాబట్టి వరి సంగతే చెబుతాను.

బాపట్లలో రూపొందిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో విడుదలైంది. అన్నం రుచిలో దానికి సాటి లేదు కానీ బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. ఆ తెగులు సోకాక గట్టిగా పనిచేసే మందూ లేదు. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిలో దాన్ని తట్టుకునే ఎక్స్‌ఏ21 అనే జన్యువు ఉంది. 1995లో శాస్త్రవేత్తలు ఆ జన్యువును వేరుచేశారు. తన మీద దాడిచేసే బాక్టీరియాను మొక్క ఎలా పసిగడుతుందో తెలుసుకోవడమే అక్కడ లక్ష్యం. అది మౌలిక పరిశోధన. తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ జన్యువును, ఇంకో రెండింటిని సంకరం ద్వారా సాంబ మసూరిలోకి తెచ్చాయి. ఏ మొక్కలో జన్యువులు చేరాయో డీఎన్‌ఏ పరీక్షతో చూసి ఎంచుకున్నారు, గింజ నాణ్యత పోనివ్వలేదు. 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి అలా వచ్చింది. ఇది అనువర్తిత పరిశోధన. అందుకే మౌలిక పరిశోధనతో ఏం ఒరుగుతుందని ఎవరైనా తీసిపారేస్తే నాకు బాధేస్తుంది.

వంగడం వచ్చాక ఊళ్లలో పని మాలాంటి వాళ్లది. తెగులు తట్టుకునే విత్తనం ఉన్నా కొందరు రైతులు పాతదే ఎందుకు వేస్తున్నారు? మొదట ప్రశ్నావళి లేకుండానే వెళ్లి అరుగుల మీద కూర్చుని విన్నాం. ఒకాయన, "మిల్లు వాళ్లు ఏ పేరు చెబితే కొంటారో అదే వేస్తామండీ" అన్నాడు. తెగులు రాని ఏడాది రెండింటికీ తేడా కనపడదన్నాడు ఇంకొకాయన. ఆఫీసులో కూర్చుని ప్రశ్నలు రాసుకుంటే మాకు ఈ రెండూ తట్టేవి కావు. ఇది అన్వేషణాత్మక పరిశోధన. ఆ మాటలనే ప్రశ్నలుగా మార్చి, ఎంతమంది ఏది వేస్తున్నారో, విత్తనం ఎక్కడ కొంటున్నారో లెక్క తీయడం వర్ణనాత్మకం. మిల్లు ధర వల్లే మారడం లేదా అని తేల్చడం వివరణాత్మకం. విత్తన రాయితీ అనుకున్న ఫలితం ఇచ్చిందా అని చూస్తే మూల్యాంకనం. తమ తరగతిలోని సమస్యను తామే సరిదిద్దుకోవడానికి బీఈడీ వాళ్లు చేసే చర్యా పరిశోధన కూడా ఉంది, మీకు దానితో పని లేదు.

ఇక మీ అంశం. ప్రభావం చూపాలంటే వివరణాత్మక పరిశోధనే కావాలి. దానికి రుణం తీసుకోకముందు ఆదాయం ఎంతో తెలియాలి, లేదా అదే ఊళ్లో అలాంటి పరిస్థితిలోనే ఉండి రుణం తీసుకోని మహిళల లెక్కలు కావాలి. ఇవి లేకుండా ఆదాయం పెరిగినా, అది రుణం వల్లా, ఆ ఏడు పంట బాగా పండడం వల్లా అని గైడ్ అడిగితే మీ దగ్గర జవాబుండదు. సంఘాల పుస్తకాల్లో అప్పుల పద్దులు దొరుకుతాయి గానీ ఆదాయం వివరాలు సాధారణంగా ఉండవు. ఆ లెక్కలు సేకరించేంత సమయం మీకు లేకపోతే, రుణాలను దేనికి వాడుతున్నారన్న వర్ణనాత్మక అంశానికి మారండి. ఎంఏ స్థాయికి అది చిన్న పనేం కాదు. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక సారాంశం) ఇచ్చేలోపే గైడ్‌తో మాట్లాడి శీర్షిక మార్చుకోండి.